టీ ఇప్పించి మరీ వాలంటరీ పెట్టేయమన్నారు

నన్ను ఆఫీసులో ఎవరూ ఒక్క పరుషమైన మాట అనలేదు. ఆ సంగతి ముందే చెప్పాలి. వివక్ష అనగానే ఎవరో గదమాయించినట్టు, గేటు బయటికి నెట్టినట్టు ఊహించుకుంటాం. నాకు జరిగిందంతా జాలితోనే జరిగింది. "పాపం, ఇంకా ఎందుకండీ ఈ అవస్థ, వాలంటరీ రిటైర్మెంట్ పెట్టేయండి" అని కాంటీన్‌కి తీసుకెళ్లి, టీ ఇప్పించి మరీ చెప్పారు. చెప్పినవాళ్లలో నా మంచి కోరేవాళ్లే ఎక్కువ. అందుకే ఎదురు చెప్పడానికి చాలా కష్టపడ్డాను.

నేను హైదరాబాద్‌లో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో యూడీసీని, అంటే అప్పర్ డివిజన్ క్లర్కుని. ఏ శాఖో చెప్పను, ఇప్పటికీ జీతం అక్కడే తీసుకుంటున్నాను. నా కళ్ల జబ్బు పేరు రెటినైటిస్ పిగ్మెంటోసా. చిన్నప్పుడే రేచీకటి ఉండేది. ఆకుకూరలు, క్యారెట్లు తినిపిస్తే తగ్గుతుందని ఇంట్లో నమ్మారు. ఇది విటమిన్ లోపం కాదు, వంశపారంపర్యంగా వచ్చేది. రెటీనాలో కణాలు మెల్లగా దెబ్బతింటూ పోతాయి. ముందు చీకట్లో చూపు పోతుంది, తర్వాత పక్కచూపు పోతుంది. మధ్య చూపు మాత్రం చాలామందికి ఏళ్ల తరబడి నిలుస్తుంది. అందుకని చూసేవాళ్లకు ఒక పట్టాన అర్థం కాదు. ఎదురుగా వచ్చే మనిషిని పేరు పెట్టి పలకరిస్తాను, ఆ వెంటనే పక్కనున్న కుర్చీని గుద్దుకుంటాను.

నాది బిల్స్ సీటు. కంప్యూటర్ మీద జీతాల షీట్ తెరిస్తే ఒక గడి కనిపిస్తుంది, ఆ వరస మొదట్లో ఎవరి పేరుందో కనిపించదు. పైపులోంచి చూసినట్టు ఉంటుంది. పేరు దగ్గరికి వెళ్లి, మళ్లీ అంకె దగ్గరికి వచ్చేసరికి వరస మారిపోతుంది. పక్క సీటు అమ్మాయి చాలాకాలం నా షీట్లు సరిచూసి పెట్టింది. ఆమె బదిలీ అయ్యాక నా పరిస్థితి పై వాళ్ల దృష్టికి వెళ్లింది.

అప్పుడు మొదలైంది సలహాల వాన. మా సెక్షన్ ఆఫీసర్ గారు సౌమ్యుడు. "మీకింకా 55 నిండలేదు కదా, ఇప్పుడే మెడికల్ గ్రౌండ్స్ మీద వెళ్తే మీ బాబుకి కారుణ్య నియామకం, అదే కంపాషనేట్ కింద ఉద్యోగం వస్తుంది, ఆలోచించండి" అన్నారు. యూనియన్ నాయకుడూ అదే మాట అన్నాడు. ఇంట్లో మా ఆవిడ కూడా రెండు మూడు రాత్రులు నిద్రపోకుండా ఆ లెక్కలే వేసింది. కొడుకు డిగ్రీ చివరి సంవత్సరం, బయట ఉద్యోగాలు ఎలా ఉన్నాయో తెలుసు. తండ్రి కుర్చీ కొడుక్కి వస్తుందంటే ఏ ఇంట్లోనైనా ఆశ పుడుతుంది. ఎవరినీ తప్పుపట్టను.

అయితే ఆ లెక్కలో ఒక చిక్కుంది. కేంద్రంలో కంపాషనేట్ నియామకం హక్కు కాదు. గ్రూప్ సీ డైరెక్ట్ రిక్రూట్‌మెంట్ ఖాళీల్లో 5 శాతం లోపలే ఇస్తారు, అదీ కుటుంబ ఆర్థిక పరిస్థితికి మార్కులు వేసి. మా ఆఫీసులోనే మనిషి చనిపోయి, భార్య ఏళ్లుగా తిరుగుతున్న కేసులు ఉన్నాయి. బతికుండి, పెన్షన్ తీసుకునేవాడి కొడుక్కి ఆ క్యూలో చోటు ఎక్కడ వస్తుంది? ఈ ప్రశ్న వేస్తే ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు. "ప్రయత్నిద్దాం" అన్నారు.

నేను కాగితం పెట్టకపోయేసరికి ఒక సోమవారం నా ఐడీలోంచి ఫైళ్లు వేరేవాళ్లకు మార్చేశారు. ఉత్తర్వు ఏమీ లేదు, నోటి మాటే. "కూర్చోండి, ఏం పర్లేదు, జీతం వస్తుంది కదా" అన్నారు. పని లేని కుర్చీలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చోవడం ఎలా ఉంటుందో అనుభవిస్తే గానీ తెలియదు. ఎవరైనా మీ బల్ల దగ్గర ఆగితే పనిమీద కాదు, పరామర్శకు ఆగుతారు. ఇక ఆ తర్వాత "మెడికల్ బోర్డుకి రాస్తున్నాం, అప్పటిదాకా ఇంట్లో ఉండండి, లీవులు పెట్టండి" అన్నారు. అర్ధ జీతం సెలవులు కరగడం మొదలైంది.

నాకు దారి చూపించింది ఒక బ్యాంకు కుర్రాడు. పుట్టుకతోనే చూపు లేదు. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ నేర్చుకోవడానికి వెళ్లిన చోట పరిచయమయ్యాడు. నా కథంతా విని, "సార్, ఎవరైనా మీకు 20(4) గురించి చెప్పారా?" అని అడిగాడు. చెప్పలేదన్నాను. తన ఫోన్‌లో ఆ సెక్షన్ తెరిచి, నాకు అందనంత వేగంగా చదివించి, మళ్లీ నెమ్మదిగా వినిపించాడు.

2016 వికలాంగుల హక్కుల చట్టం, 20వ సెక్షన్, నాలుగో క్లాజు. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ఏ ప్రభుత్వ సంస్థా తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. ఉన్న పోస్టుకి పనికిరాకపోతే అదే వేతన స్కేలు, అవే సర్వీసు ప్రయోజనాలతో వేరే పోస్టుకి మార్చాలి. ఏ పోస్టులోనూ సర్దలేకపోతే సూపర్‌న్యూమరరీ పోస్టు, అంటే ఉన్న పోస్టుల లెక్కకు మించి అదనపు పోస్టు, సృష్టించి, తగిన పోస్టు దొరికేదాకా లేదా రిటైరయ్యేదాకా, ఏది ముందైతే అప్పటిదాకా, అందులో ఉంచవచ్చు. అంటే "మీకు తగిన సీటు మా దగ్గర లేదు" అన్నది ఇంటికి పంపడానికి కారణం కానే కాదు. ఇది కొత్త సంగతి కూడా కాదు. పాత 1995 చట్టంలో 47వ సెక్షన్‌గా ఉన్నదే.

అతనే ఒక తీర్పు గురించి కూడా చెప్పాడు. భగవాన్ దాస్ కేసు, పంజాబ్ విద్యుత్ బోర్డు మీద, 2008లో సుప్రీంకోర్టు ఇచ్చింది. లైన్‌మన్ పనిలో ఉన్న మనిషికి చూపు పూర్తిగా పోయింది. తనను రిటైర్ చేసి తన భార్యకు ఉద్యోగం ఇవ్వమని తానే ఉత్తరం రాసుకున్నాడు. బోర్డు సంతోషంగా రిటైర్ చేసింది. నిరాశలో ఉన్న మనిషికి అతని హక్కు ఏమిటో చెప్పాల్సిన బాధ్యత అధికారులది అని కోర్టు గట్టిగా చీవాట్లు పెట్టి, అతన్ని సర్వీసులో ఉన్నట్టే లెక్కించమంది. ఆ తీర్పు విని నాకు ఒళ్లు జలదరించింది. కాంటీన్‌లో నేను విన్న సలహా, ఆ లైన్‌మన్ రాసిన ఉత్తరం ఒకటే కదా! తర్వాత 2015లో సిబ్బంది వ్యవహారాల శాఖ కూడా ఒక మెమోరాండం ఇచ్చింది. జబ్బు వల్లనో వైకల్యం వల్లనో రిటైర్మెంట్ అడిగిన ఉద్యోగికి, అదే జీతంతో కొనసాగే వీలుందని ముందు చెప్పాలి అని. ఉత్తర్వుల కాపీలు దాచే మా ఆఫీసు గార్డు ఫైలులో అది ఉండే ఉంటుంది.

ఇక కాగితాలు. అన్నిటికన్నా ముందు సర్టిఫికెట్ కావాలి. స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీకి, అంటే వైకల్య గుర్తింపు కార్డుకి, దరఖాస్తు చేసి, మెహిదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికి వెళ్లాను. ఆర్‌పీ (రెటినైటిస్ పిగ్మెంటోసా) ఉన్నవాళ్లకు అక్షరాల బోర్డు చదివించడం ఒక్కటే సరిపోదు, ఫీల్డ్ టెస్ట్ తప్పనిసరి. గడ్డం ఒక ఆధారం మీద ఆనించి, ఒక కన్ను మూసి, ఎదురుగా ఉన్న గిన్నెలాంటి తెల్లటి తెర మధ్యలో చుక్కనే చూస్తుండాలి. అటూ ఇటూ చిన్న చిన్న వెలుగులు వెలుగుతాయి. కనిపించినప్పుడల్లా చేతిలో బటన్ నొక్కాలి. నాకు చాలాసేపు ఏ వెలుగూ కనిపించలేదు. మెషిన్ మాత్రం టక్ టక్‌మంటూనే ఉంది. అంటే వెలుగులు వస్తున్నాయని, నేను చూడట్లేదని అర్థం. ప్రింటు బయటికి వచ్చాక టెక్నీషియన్ కాగితం నా ముందు పెట్టింది. అంతా నలుపు, నడిమధ్యన గోరంత తెలుపు. చట్టం ప్రకారం చూపు విస్తృతి 40 డిగ్రీల లోపు, 10 దాకా ఉంటే లో విజన్. 10 కన్నా తగ్గితే అంధత్వం. నేను మొదటి కోవలో ఉన్నాను. వైకల్యం 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే చట్టం చెప్పే బెంచ్‌మార్క్ వైకల్యం కిందికి వస్తాం. 20(4)కి ఆ 40 శాతం షరతు లేదు గానీ, చేతిలో కార్డు ఉంటే వాదన సగం తగ్గుతుంది.

దరఖాస్తు నేను మన అలవాటు ప్రకారం రాశాను. "తమరు దయతలచి", "కుటుంబ పరిస్థితులను సానుభూతితో పరిశీలించి" లాంటి మాటలు. బ్యాంకు కుర్రాడు వాటన్నిటినీ కొట్టేయించాడు. "దయ అడిగితే దయే చూపిస్తారు సార్, అది వాళ్లిష్టం. సెక్షన్ నంబర్ రాయండి" అన్నాడు. చివరికి ఒకటిన్నర పేజీ అయింది. వైకల్యం సర్వీసులో పెరిగిందని, 20(4) కింద అదే స్కేలులో వేరే సీటు కోరుతున్నానని, వైకల్యానికి తగ్గ సౌకర్యాలు కల్పించాలనే 20(2) కింద స్క్రీన్ రీడర్, హెడ్‌సెట్, ఫైళ్లు చదవగలిగే రూపంలో కావాలని, బలవంతంగా పెట్టించిన సెలవులను డ్యూటీగా మార్చమని అడిగాను. 21వ సెక్షన్ ప్రకారం ఆఫీసు సమాన అవకాశాల విధానం కాపీ ఇవ్వమన్నాను. 23వ సెక్షన్ కింద ఫిర్యాదుల పరిష్కార అధికారి ఎవరో చెప్పమన్నాను. స్వయంగా ఇచ్చి, అందినట్టు డైరీ నంబర్ వేయించుకుని, అదే కాగితం మెయిల్ కూడా చేశాను.

ఆ చివరి రెండు ప్రశ్నలే పని చేశాయని నా అనుమానం. ఎందుకంటే ఆ విధానం అనేది కాగితం మీద తయారై ఉండాలి, ఆ అధికారిని నియమించి ఉండాలి. అడిగేదాకా ఎవరికీ గుర్తు లేదు. ఫిర్యాదు రిజిస్టర్‌లో ఎక్కితే రెండు వారాల్లో విచారించాలని చట్టం. నా కోసమే ఒక కొత్త రిజిస్టర్ తెరిచారు. మొదటి పేజీ, మొదటి వరస నాదే.

మా బావ సీఆర్‌పీఎఫ్‌లో హెడ్ కానిస్టేబుల్. పేలుడు దగ్గర్లో జరిగి ఒక చెవి దెబ్బతింది. సెలవు మీద వచ్చినప్పుడు ఈ సెక్షన్ చదివి వినిపిస్తే, ఆయన నవ్వి, "పై లైను చదివావా?" అన్నాడు. ఒకటో క్లాజు కింద ఒక మినహాయింపు ఉంది. పని స్వభావాన్ని బట్టి ప్రభుత్వం ఏ సంస్థనైనా ఈ సెక్షన్ నుంచి నోటిఫికేషన్‌తో తప్పించవచ్చు. 2021 ఆగస్టు 18న కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో పోరాట సిబ్బంది పోస్టులను అలాగే తప్పించారు. "నీ కుర్చీకి ఉన్న సెక్షన్ నా యూనిఫాంకి లేదు బావమరిదీ" అన్నాడు. వాళ్ల లోకం వేరు. అక్కడ షేప్ అని ఒక లెక్క. మానసిక స్థితి, వినికిడి, కాళ్లు చేతులు, శారీరక సామర్థ్యం, కంటిచూపు అని ఐదింటికీ ఒక్కొక్క గ్రేడు. అన్నీ ఒకటి ఉంటే షేప్ వన్. పోస్టింగులు, ప్రమోషన్లు అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. ఆయనకు వినికిడి గ్రేడు తగ్గింది. ప్రస్తుతం గ్రూప్ సెంటర్‌లో స్టోర్స్ పని చూస్తున్నాడు.

తుపాకీ పట్టే ఉద్యోగానికి వేరే కొలత ఉండటంలో అర్థముంది, నేను కాదనను. నాలాంటి చూపున్నవాణ్ణి రాత్రి పికెట్ మీద నిలబెట్టమని ఎవరూ అడగరు. కానీ బలగంలో పని అంతా పికెట్ కాదు. లెక్కలు, స్టోర్లు, వైర్‌లెస్, శిక్షణ, ఎన్ని లేవు! అదే 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు రవీందర్ కుమార్ ధరివాల్ కేసులో ఈ దారి కొంత చూపించింది. ఆయన సీఆర్‌పీఎఫ్ అధికారి, మానసిక అనారోగ్యం ఉంది. ఆ అనారోగ్యంతో ముడిపడిన ప్రవర్తనకు శాఖాపరమైన చర్యలు మొదలుపెట్టారు. కోర్టు వాటిని కొట్టేసింది. ఉన్న డ్యూటీకి తగడని తేలితే 20(4) రక్షణ వర్తిస్తుందని, జీతం తగ్గకుండా, ఆయుధాలతో సంబంధం లేని పని ఇవ్వవచ్చని చెప్పింది. బావకు ఆ తీర్పు చదివి వినిపించాను. మంచి చెవి నా వైపు తిప్పి విన్నాడు. "ఆయన ఆఫీసర్, సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. జవాను ఎంత దూరం వెళ్తాడు?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

మెడికల్ బోర్డు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అసలు కథ అక్కడే తిరుగుతుంది. ఆఫీసు పంపిన లెటర్‌లో ఒకటే ప్రశ్న ఉంది: ప్రస్తుత విధులకు ఫిట్టా, అన్‌ఫిట్టా? దానికి అన్‌ఫిట్ అని జవాబు వస్తే, ఆ ఒక్క ముక్క పట్టుకుని, పనికి తగడని ఇంటికి పంపి ఇచ్చే ఇన్‌వాలిడ్ పెన్షన్ ఫైలు నడిపేయవచ్చు. అందుకని నేను బోర్డుకి నా తరఫున ఒక కాగితం ఇచ్చాను. స్క్రీన్ రీడర్‌తో ఏ ఏ పనులు చేస్తున్నానో రాసి, ఏవి చేయగలనో కూడా నమోదు చేయమని కోరాను. ఒక డాక్టరమ్మ ఓపిగ్గా అడిగింది: "మీరు టైప్ చేసింది మీకెలా తెలుస్తుంది?" నా ల్యాప్‌టాప్ తెరిచి చూపించాను. అక్షరం అక్షరం పలుకుతుంటే ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని కాసేపు విన్నది. రిపోర్టులో ఎక్కువసేపు ముద్రిత కాగితం చదివే పనులకు తగడని, సహాయక సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ పనికి తగునని వచ్చింది. ఎవరికైనా ఇలాంటి బోర్డు ఉంటే ఈ రెండో వాక్యం రాయించుకోవడం మర్చిపోకండి. మొదటి వాక్యం అడక్కుండానే రాస్తారు.

అయినా ఆఫీసు నుంచి జవాబు రాలేదు. ఢిల్లీలోని వికలాంగుల ముఖ్య కమిషనర్‌కి ఫిర్యాదు పంపాను. లాయర్ అక్కర్లేదు, ఫీజు లేదు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులైతే రాష్ట్ర కమిషనర్‌కి పెట్టుకోవాలి. నోటీసు వెళ్లింది, ఆఫీసు జవాబు ఇచ్చింది, వీడియోలో విచారణ జరిగింది. అక్కడ మా ఆఫీసు ప్రతినిధి "ఆయన మీద మాకు పూర్తి సానుభూతి ఉంది" అని మొదలుపెట్టారు. అటువైపు నుంచి "సానుభూతి సరే, సీటు ఇచ్చారా?" అన్న ప్రశ్న వచ్చింది. విచారణలో నాకు గుర్తున్నది అంతే. కమిషనర్ చేసేది సిఫారసు, కోర్టు డిక్రీ కాదు. కానీ ఒప్పుకోకపోతే కారణాలు మూడు నెలల్లోగా రాసి పంపాలి. ఎందుకు ఒప్పుకోవడం లేదో సంతకం పెట్టి రాయడం ఏ అధికారికీ ఇష్టం ఉండదు. మా ఆఫీసు సిఫారసు దాకా రానివ్వకుండానే ఆర్డర్ ఇచ్చింది.

నాకు ఆర్‌టీఐ, ప్రజా ఫిర్యాదుల సీటు ఇచ్చారు. అదే స్కేలు, అదే ఇంక్రిమెంటు తేదీ. సెలవులు డ్యూటీగా మారాయి. స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ ఉచితం, పైసా ఖర్చు లేదు. దాన్ని ఆఫీసు కంప్యూటర్‌లో వేయడానికి అనుమతి ఫైలు మాత్రం చాలా బల్లలు తిరిగింది.

ఇప్పుడు నా రోజువారీ శత్రువు 'అను' అనే పాత తెలుగు ఫాంట్లు. తెలుగులో వచ్చే పాత అర్జీలు, డీటీపీ షాపులో టైపు చేయించినవి, ఆ ఫాంట్లలోనే ఉంటాయి. తెర మీద చక్కటి తెలుగు కనిపిస్తుంది, లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఎన్‌వీడీఏ లోపల ఉన్నదే చదువుతుంది కాబట్టి "శ్రీయుత అధికారి గారికి" అన్న చోట నాకు చెవిలో ఏదో గందరగోళం వినిపిస్తుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే అసలు నోరే విప్పదు, అది బొమ్మ కదా. లోపల కూడా తెలుగు అక్షరాలే ఉండే యూనికోడ్‌లో పంపమని ఒక సర్క్యులర్ వేయించాను. సగం మంది పాటిస్తున్నారు. మిగతా సగానికి నేనే తిరిగి మెయిల్ పెడుతున్నాను, విసుగు లేకుండా, ప్రతిసారీ 20(2) అని రాసి.

ఈ సంగతి తెలిసి ఫోన్ చేసేవాళ్లలో ప్రైవేటు ఉద్యోగులూ ఉంటున్నారు. వాళ్లకు చెప్పాల్సిన నిజం ఏమిటంటే 20(4) ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటు సంస్థలు సమాన అవకాశాల విధానం ప్రకటించాలి గానీ, ఉద్యోగం నిలబెట్టే ఈ గట్టి హామీ వాళ్లకు లేదు. ఆర్టీసీ, విద్యుత్ సంస్థలు, విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ రంగ బ్యాంకుల వాళ్లు మాత్రం ధైర్యంగా అడగవచ్చు. రంగులు సరిగా గుర్తించలేడని ఇంటికి పంపిన ఒక ఆర్టీసీ డ్రైవర్‌కు తెలంగాణ ఆర్టీసీ వేరే ఉద్యోగం ఇవ్వాల్సిందేనని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో సంస్థకూ యూనియన్లకూ మధ్య 1979 నాటి ఒప్పందం కూడా పనికొచ్చింది. కాబట్టి మీ సంస్థలో పాత ఒప్పందాలు, సర్క్యులర్లు ఉంటే తవ్వి తీయండి.

నా తదుపరి కాగితం ప్రమోషన్ మీద. వైకల్యం ఉందన్న ఒక్క కారణంతో ప్రమోషన్ ఆపకూడదని 20(3) చెబుతుంది. దానికి తోడు 2022 మే 17న సిబ్బంది వ్యవహారాల శాఖ ప్రమోషన్లలో 4 శాతం రిజర్వేషన్ అమలు గురించి ఉత్తర్వు ఇచ్చింది. మా ఆఫీసులో ఆ రిజర్వేషన్ లెక్క రాసే రోస్టర్ రిజిస్టర్ ఉందా అని అడిగాను. "చూసి చెప్తాం" అన్నారు. డైరీ నంబర్ వేయించుకున్నాను.